కిరణము, కార్నియా, కోకాపేట

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యోజన ననుసరించి నిజాము ప్రభుత్వము కట్టించిన గండిపేట జలాశయము 1920లో పూర్తియయ్యెను. దాని చేరువనున్న కోకాపేట మాత్రము బహుకాలము పొలములును రాతిగుట్టలును గల చిన్న పల్లెగానే నిలిచెను. ఆ పల్లె నేల 2023 ఆగస్టు వేలములో ఎకరము నూరుకోట్ల రూపాయలు దాటి పలికినది. నేడు అచ్చటి ఎత్తైన భవనములలో నివసించుచు, దినమెల్ల కంప్యూటరు తెర ముందు గడపు యువజనులలో అనేకులు బడి వయసునందే కళ్ళజోడు తగిలించుకొన్నవారు. ఉద్యోగము కుదిరి చేతిలో నాలుగు రూపాయలు నిలిచిన పిదప, లేజరు చికిత్సచే ఆ జోడును విడువగోరువారు. వారి కంటిపై పడు ఆ కిరణపు శక్తి, వారి వృత్తికి ఆధారమైన కంప్యూటరు పరిశ్రమకు చెందిన ప్రయోగశాలలోనే బయటపడినది. ఆ చరిత్ర వారందరును ఎరుగదగినది.

కంటికి ముందువైపున పారదర్శకమై యుండు పొర కార్నియా. దాని మందము అర మిల్లీమీటరుకంటె కొంచెము మాత్రమే ఎక్కువ. అయినను కాంతిని వంచి లోపలికి పంపు పనిలో మూడింట రెండు వంతులు దానిదే. కనుక దాని వంపును సవరించినచో హ్రస్వదృష్టి తీరునను తలంపు లేజరుకంటె ముందే వైద్యులకు కలిగెను. జపానులో త్సుతోము సాతో 1930ల చివరి నుండి కార్నియాకు వెలుపలి వైపుననే గాక లోపలి వైపునను గాట్లు పెట్టి చూచెను. లోపలి ముఖమున ఒక్క వరుసగా నున్న కణములే అందలి నీటిని తోడివేయుచు దానిని స్వచ్ఛముగా నిలుపుచున్నవనియు, నశించినచో అవి మరల పుట్టవనియు నాటికి తెలియదు. తొలుత చక్కగా చూచినవారి కన్నులు ఏండ్లు గడచిన పిమ్మట ఉబ్బి మసకబారెను. ఈ విద్య చరిత్రలో నాకు మిక్కిలి దుఃఖము కలిగించు ఘట్టమిది. ఏలయన ఆ వైద్యుడు తన కాలపు జ్ఞానము మేరకు నడచినవాడే. తరువాత బొగోటా నగరమున హోసే బరాకెర్ కార్నియా నుండి పలుచని బిళ్ళను కోసి, గడ్డకట్టించి, చెక్కి, తిరిగి కుట్టు విధానమును కల్పించెను. 1970లలో మాస్కోలో ఫ్యోదరోవ్ వెలుపలి గాట్లతోనే పని నెరవేర్చు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. అంతయు మనిషి చేతిలోని కత్తి పనియే.

న్యూయార్కు రాష్ట్రమున యార్క్‌టౌన్ హైట్స్‌లోని ఐబిఎం ప్రయోగశాలలో రంగస్వామి శ్రీనివాసన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, మద్రాసు విశ్వవిద్యాలయమున చదివి అమెరికాకు వెళ్ళినవాడు, అతినీలలోహిత కిరణములు ప్లాస్టిక్కు వంటి పదార్థములపై చేయు పనిని పరిశీలించుచుండెను. 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఎక్సైమర్ లేజరు ఆ పదార్థములను కాల్చక, కరిగింపక, తాకినంత మేర అణుబంధములను తెంచి పొరలు పొరలుగా ఎగురగొట్టుట ఆయన చూచెను. జీవపదార్థముపైనను ఇట్లే జరుగునా యను ప్రశ్న ఆయనకును, సహచరులైన జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లకును కలిగెను. 1981 నవంబరు 27న, అమెరికావారి కృతజ్ఞతా పండుగ మరునాడు, శ్రీనివాసన్ విందులో మిగిలిన టర్కీకోడి ముక్కను ప్రయోగశాలకు కొనివచ్చి దానిపై ఆ కిరణమును ప్రసరింపజేసెను. గాటు శుభ్రముగా తెగెను. పోలికకై వాడిన ఆకుపచ్చ లేజరు చుట్టునున్న మాంసమును మాడ్చెను. ఒక తలవెంట్రుకపై ఈ కిరణము చెక్కిన గాట్ల ఛాయాచిత్రము లోకమంతట వ్యాపించెను. ఒక్కొక్క స్పందనమునకు అది కార్నియా నుండి తీసివేయునది మైక్రానులో నాలుగవ వంతు మాత్రమే. అంతటి సూక్ష్మతను ఏ కత్తియు ఈయజాలదు. ఇదే తరంగదైర్ఘ్యము గల కిరణము పిదప కంప్యూటరు చిప్పులపై సూక్ష్మరేఖలు ముద్రించుటకును వినియోగమునకు వచ్చెను.

న్యూయార్కు నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ శ్రీనివాసన్‌తో కలిసి 1983లో కార్నియా పరిశోధనను ప్రకటించెను. 1988లో మార్గరీట్ మెక్‌డొనాల్డ్ చూపు గల మనుష్యుని కంటిపై తొలిసారి ఈ చికిత్స చేసెను; క్యాన్సరు కారణముగా ఎట్లును తొలగింపవలసియున్న తన కంటిని ఆ ప్రయోగమునకు అర్పించినది ఒక స్త్రీ. క్రీటు ద్వీపమున పల్లికారిస్ కార్నియాపై పలుచని మూతను లేపి, లోపల లేజరు నడిపి, తిరిగి మూయు పద్ధతిని స్థాపించెను. అదియే లాసిక్.

1985లో రోచెస్టరు విశ్వవిద్యాలయమున జెరార్ మూరూ, డొన్నా స్ట్రిక్‌లండ్ అతిస్వల్ప కాలపు లేజరు స్పందనములను బలపరచు ఉపాయమును కనుగొనిరి. 2018లో వారికి నోబెల్ బహుమానము లభించుటకు కారణమైనది ఇదియే. ఆ ఫెమ్టోసెకండు లేజరుతో మూతను గూడ కత్తి లేకుండ కోయుట సాధ్యమయ్యెను. మూతయే లేకుండ, లోపల చెక్కిన చిన్న కటకమును కొద్ది మిల్లీమీటర్ల గాటు గుండా వెలికి తీయు స్మైల్ పద్ధతియు జర్మనీలో సెకుండో, బ్లూమ్‌ల చేతులమీదుగా వచ్చెను. దాని తొలి ఫలితములను 2011లో ప్రకటించినవారిలో వడోదర వైద్యురాలు రూపల్ షా ఒకరు.

1980లలో అదే రోచెస్టరులో కార్నియా వైద్యుడుగా నుండిన తెలుగువాడు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు. ఆయన స్వదేశమునకు మరలి వచ్చి, తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో నటించిన ఎల్.వి. ప్రసాద్ గారు బంజారాహిల్స్‌లో దానమిచ్చిన ఐదెకరముల స్థలమున, ఆయన పేరనే 1987లో నేత్రవైద్య సంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ 2023 నాటికి ఏబదివేల కార్నియా మార్పిడులు పూర్తిచేసినది. అనగా కార్నియాను సౌకర్యమునకై చెక్కించుకొను వాడుక ప్రబలక పూర్వమే, దానికై నిరీక్షించు అంధుల వరుస ఈ నగరమునకు తెలియును. నేను ఈ రెండు చరిత్రలను వేరుచేసి చూడజాలను.

కోకాపేట యువకుడు యంత్రము పేరును, ఖరీదును విచారించును. అతడు అంతకంటె శ్రద్ధగా విచారింపవలసినది ముందు జరుగు పరీక్షను. కళ్ళజోడు శక్తిలో ఒక డయాప్టరు తగ్గించుటకు దాదాపు పండ్రెండు మైక్రానుల కార్నియా పోవును. మిగులు పొర 250 మైక్రానులకు తగ్గరాదని వైద్యుల నియమము. కార్నియా బలహీనమై శంకువుగా ముందునకు పొడుచుకొని వచ్చు కెరటోకోనస్ వ్యాధి మన దేశమున అరుదు కాదు, కన్నులు నలుపుకొను అలవాటు దానిని పెంచును. ఆ లక్షణములు పరీక్షలో తీయు కార్నియా పటమున కొంచెముగా కనబడినను లేజరు వలదనుట వైద్యుని ధర్మము. కాంటాక్టు లెన్సులను కొన్నిదినములు మానిన పిదపనే కొలతలు నిజమగును. నలుబది దాటిన పిమ్మట చదువుటకు అద్దములు వచ్చుటను ఈ చికిత్స ఆపదు. లాసిక్ జరిగిన కార్నియాను మరణానంతరము నేత్రనిధివారు పూర్తి మందముతో మార్పిడికి వాడరు గాని, లోపలి పొర మాత్రము అవసరమగు చికిత్సలకు అది పనికిరావచ్చును. కావున నేత్రదానము చేయగోరువారు తమకు జరిగిన శస్త్రచికిత్సను ఇంటివారికి చెప్పి, ఆ కాగితములను భద్రపరచవలెను.