గేరు ‘పడటం’

‘గేరు’ ఇంగ్లీషు నుంచి వచ్చింది. అంతకుముందు అది సామగ్రి అనే అర్థమున్న పాత నార్స్ మాట. ‘పడటం’ మాత్రం మనదే. లక్షల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ కారును విశాఖలో గాజువాక ఆటోనగర్‌కు తెస్తే చెప్పే మాట ‘గేరు పడట్లేదు’. ముందుకు నడిపే గేర్ల పళ్లచక్రాలు ఎప్పుడూ కలిసే ఉంటాయి, జరిగేది ఎంచుకున్న చక్రాన్ని షాఫ్టుకు బిగించే స్లీవ్ మాత్రమే, కాబట్టి ఆ మాట తప్పనవచ్చు. కానీ తాళం పడింది, ముడి పడింది అన్నప్పటి ‘పడటమే’ ఇదీ: కుదురుకుని బిగుసుకోవడం. స్లీవ్ చేసేది అచ్చంగా అదే.

పైగా ఈ మాట లోపం జాడ చెబుతుంది. ఇంజను ఆపితే పడి, నడుస్తుంటే పడకపోతే క్లచ్ పూర్తిగా విడవట్లేదని అనుమానించాలి. ఆపినా పడకపోతే లింకేజీనో గేరుబాక్సునో చూడాలి. సింహాచలం ఘాట్‌లో ఇంజను హోరెత్తినా బండి లాగకపోతే అది క్లచ్ ‘జారడం’. పడ్డ గేరు దానంతటదే న్యూట్రల్‌కు వస్తే ‘ఊడటం’. అన్నిటినీ ‘గేర్ ప్రాబ్లం’ అనేస్తే ఈ తేడాలన్నీ పోతాయి. నడుస్తుంటేనే పడట్లేదని తేలితే, గేరుబాక్సు దింపకముందే క్లచ్ సిలిండర్ దగ్గర ఆయిల్ కారుతోందేమో చూడవచ్చు.