తీరం దాటే సైన్యం: ‘పవర్ ప్రొజెక్షన్’ అంటే ఏమిటి, భారత్ సామర్థ్యం ఎంత?

ఒక దేశం తన సరిహద్దులకు వెలుపల, సముద్రాలకు ఆవల, తన సైన్యాన్ని తరలించి, అక్కడ నిలబెట్టి, అవసరమైనంత కాలం పోషించి, తిరిగి క్షేమంగా రప్పించగల సామర్థ్యాన్ని సైనిక పరిభాషలో ‘పవర్ ప్రొజెక్షన్’ అంటారు. సైనికుల సంఖ్య ఒక్కటే దీనికి కొలమానం కాదు. ఎంత దూరానికి, ఎంత త్వరగా, ఎన్నాళ్లపాటు అన్నవే అసలు ప్రశ్నలు.

మాల్దీవులు, 1988

ఈ సామర్థ్యానికి భారత్ ఇచ్చిన తొలి గట్టి నిదర్శనం ‘ఆపరేషన్ కాక్టస్’. 1988 నవంబరు 3న మాల్దీవుల వ్యాపారి అబ్దుల్లా లుతుఫీ, శ్రీలంకకు చెందిన ‘ప్లోట్’ సాయుధుల తోడ్పాటుతో రాజధాని మాలేను ఆక్రమించేందుకు ప్రయత్నించాడు. అజ్ఞాతంలోకి వెళ్లిన అధ్యక్షుడు మామూన్ అబ్దుల్ గయూమ్ సాయం కోరగా, నాటి ప్రధాని రాజీవ్ గాంధీ ప్రభుత్వం అంగీకరించింది.

అదే రాత్రి ఆగ్రా నుంచి పారాట్రూపర్లతో బయలుదేరిన ఐఎల్-76 విమానాలు రెండు వేల కిలోమీటర్లకు పైగా ఏకబిగిన ప్రయాణించి హుల్హులే విమానాశ్రయంలో దిగాయి. గంటల వ్యవధిలోనే మాలే వారి అధీనంలోకి వచ్చింది. బందీలతో ఓడలో పారిపోతున్న సాయుధులను నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ గోదావరి, ఐఎన్ఎస్ బేత్వా శ్రీలంక దిశలో వెంటాడి పట్టుకున్నాయి.

ఈ విజయంలో అనుకూలించిన అంశాలూ ఉన్నాయి. రన్‌వే దాడి చేసినవారి చేతిలో లేదు. ఆహ్వానించింది అక్కడి ప్రభుత్వమే. ప్రత్యర్థికి విమానాలు గానీ, క్షిపణులు గానీ లేవు.

చేరడం వేరు, నిలవడం వేరు

అదే కాలంలో శ్రీలంకలో ఎదురైన అనుభవం దీనికి భిన్నం. 1987 నాటి భారత్-శ్రీలంక ఒప్పందం మేరకు వెళ్లిన శాంతి పరిరక్షక దళం, పాక్ జలసంధి దాటితే చాలనేంత దగ్గరలో ఉండి కూడా, ఎల్‌టీటీఈతో దీర్ఘకాల పోరులో చిక్కుకుంది. సుమారు 1,200 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. దళాన్ని ఉపసంహరించుకోవాలని 1989లో శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాసే కోరారు. 1990 మార్చి నాటికి ఉపసంహరణ పూర్తయింది. రాజకీయ లక్ష్యం స్పష్టంగా లేనప్పుడు, స్థానికుల సమ్మతి సడలినప్పుడు, దూరం తక్కువైనా భారం తగ్గదని ఆ అనుభవం తెలిపింది.

కావలసినవి ఏమిటి?

మొదటిది రవాణా. భారత వాయుసేన వద్ద 11 సీ-17 భారీ రవాణా విమానాలు ఉన్నాయి. సైనికులను, వాహనాలను నేరుగా తీరానికి చేర్చే ఐఎన్ఎస్ జలాశ్వ 2007లో అమెరికా నుంచి వచ్చింది. విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళానికి చెందిన ఈ నౌక 2020 మే నెలలో, కోవిడ్ కాలంలో, మాలే నుంచి 698 మంది భారతీయులను కొచ్చికి తీసుకువచ్చింది.

రెండవది గగనతల రక్షణ. నేలపై స్థావరం లేని చోట యుద్ధవిమానాలకు ఆధారం విమానవాహక నౌకే. 2013లో రష్యా అప్పగించిన విక్రమాదిత్య, స్వదేశంలో నిర్మించి 2022లో సేవలోకి తెచ్చిన విక్రాంత్ ప్రస్తుతం భారత్‌కు ఉన్నాయి. అయితే రెండింటిలో ఒకటి మరమ్మతులకు వెళితే మిగిలేది ఒక్కటే.

మూడవది, అంతగా కంటికి కనిపించనిది, సరఫరా. యుద్ధనౌకకు ఇంధనం, మందుగుండు, ఆహారం నడిసముద్రంలోనే అందించాలి. లేకుంటే అది తరచూ రేవుకు మళ్లవలసిందే. ఈ లోటు తీర్చేందుకు ఒక్కొక్కటి సుమారు 44,000 టన్నుల ఐదు సహాయక నౌకల నిర్మాణాన్ని 2023 ఆగస్టులో దాదాపు రూ. 19,000 కోట్ల ఒప్పందంతో విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకు అప్పగించారు.

యుద్ధం కాని అవసరాలు

ఈ సామర్థ్యం ఎక్కువగా ఉపయోగపడింది యుద్ధాలలో కాదు. 2015లో యెమెన్ అంతర్యుద్ధ వేళ ‘ఆపరేషన్ రాహత్’ ద్వారా నౌకలు, విమానాలు 5,600 మందికి పైగా ప్రజలను తరలించాయి. వారిలో 900 మందికి పైగా విదేశీయులే. 2024 మార్చిలో సముద్రపు దొంగల చేతిలో ఉన్న ‘రూయెన్’ ఓడ వద్దకు సీ-17 విమానం నుంచి మెరైన్ కమాండోలను దించారు. 17 మంది సిబ్బంది విడుదలయ్యారు, 35 మంది దొంగలు లొంగిపోయారు. గల్ఫ్ దేశాలలో లక్షలాది భారతీయులు, వారిలో తెలుగువారు ఎందరో, జీవిస్తున్నందున ఇది వారి కుటుంబాలకూ సంబంధించిన విషయమే.

సమ్మతే పునాది

దూరప్రాంతంలో రేవు, రన్‌వే దొరకడం దౌత్యంపై ఆధారపడి ఉంటుంది. మారిషస్‌కు చెందిన అగలేగా దీవిలో భారత్ సాయంతో నిర్మించిన రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి. అదే ఏడాది మే నెలలో, మాల్దీవుల కొత్త ప్రభుత్వం కోరిక మేరకు, అక్కడి భారత సైనిక సిబ్బంది వెనుదిరిగారు. వారి స్థానంలో పౌర సాంకేతిక నిపుణులు బాధ్యతలు చేపట్టారు. 1988లో సైన్యాన్ని పిలిచిన దేశమే 2024లో సైనికులను పంపివేసింది. నౌకలు, విమానాలు నిర్మించుకోగలిగినవే; పొరుగు దేశాల విశ్వాసాన్ని మాత్రం ప్రతి ప్రభుత్వ కాలంలోనూ కొత్తగా సంపాదించుకోవలసి ఉంటుంది.