బిట్లకు అర్థం చెప్పే రకాలు

కంప్యూటర్ మెమరీలో ఉండేవి సున్నాలు, ఒకట్లు మాత్రమే. 01000001 అనే ఎనిమిది బిట్ల వరుసను సంఖ్యగా చదివితే 65 అవుతుంది, ఆస్కీ సంకేతపట్టిక ప్రకారం చదివితే ఇంగ్లిష్ పెద్దక్షరం ‘ఏ’ అవుతుంది. ఎలా చదవాలన్నది ఆ బిట్లలో రాసి ఉండదు. ఆ సంగతి తెలిపేదే టైప్, అంటే విలువ యొక్క రకం. ప్రోగ్రామ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే కంపైలర్, ఆ ప్రోగ్రామ్ నడవకముందే ఈ రకాలను తేల్చి సరిచూసే సీ, జావా వంటి భాషలను స్టాటిక్ టైప్ భాషలంటారు. వాటి తొలి పాఠాల్లో ఎదురయ్యే మూల రకాలు ఒకేసారి పుట్టలేదు. కొన్నింటిని యంత్ర నిర్మాణం, మరికొన్నింటిని మానవ తప్పిదాలను ముందుగానే పట్టుకోవలసిన అవసరం తెచ్చిపెట్టాయి.

మొదటి అక్షరమే ఆనవాలు

1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 కోసం రూపొందించిన ఫోర్ట్రాన్‌లో చరరాశులకు రెండే రకాలుండేవి: పూర్ణసంఖ్య, దశాంశ భాగాన్ని ఇముడ్చుకొనే ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య. వీటి సంకలనానికి యంత్రంలో వేర్వేరు ఆదేశాలు ఉన్నందున ఏది వాడాలో కంపైలర్‌కు ముందే తెలియాలి. అందుకోసం ఐ నుంచి ఎన్ వరకు గల అక్షరాలతో మొదలయ్యే పేర్లు పూర్ణసంఖ్యలవనీ, తక్కినవి ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలవనీ నియమం పెట్టారు. ఈ పద్ధతి సులువైనదే గాని, పేరులో ఒక అక్షరం తప్పుపడితే కంపైలర్ దాన్ని కొత్త చరరాశిగా స్వీకరించేది. ప్రతి చరరాశినీ రకంతో సహా ముందే ప్రకటించాలన్న ఆల్గాల్ 60 నియమం ఈ లోపాన్ని సరిదిద్దింది. నిజం, అబద్ధం అనే రెండే విలువలు గల రకానికి గణిత శాస్త్రవేత్త జార్జ్ బూల్ పేరిట బూలియన్ అని పేరు పెట్టిన తొలి భాషల్లో అదీ ఒకటి.

మూడు దారులు

1970లో జ్యూరిక్‌లో నిక్లాస్ విర్త్ రూపొందించిన పాస్కల్, రకాలను ప్రోగ్రామర్ స్వయంగా నిర్మించుకొనే వీలు కల్పించింది. నెల అంటే 1 నుంచి 12 వరకు గల సంఖ్య మాత్రమేనని పరిమితి విధించవచ్చు; పేరు, వయసు, జీతం వంటి భిన్న రకాల విలువలను కలిపి రికార్డుగా కూర్చవచ్చు. ఆ విధంగా రకం యంత్రం గురించే గాక, పరిష్కరించవలసిన సమస్య గురించి కూడా చెప్పసాగింది.

బెల్ ల్యాబ్స్‌లో కథ వేరుగా నడిచింది. కెన్ థాంప్సన్ రాసిన బీ భాషలో ఉన్నది ఒకే రకం, అదే వర్డ్, అంటే యంత్రం ఒక్కసారిగా అందుకొనే బిట్ల సముదాయం. ప్రతి బైటుకూ (ఎనిమిది బిట్లకు) విడి చిరునామా గల పీడీపీ-11 యంత్రం వచ్చాక అక్షరాలను వర్డ్‌లలో కుక్కి, మళ్లీ విడదీయడం భారమైంది. డెనిస్ రిచీ 1971 నుంచి ఆ భాషకు చార్ (అక్షరం), ఇంట్ (పూర్ణసంఖ్య) రకాలను చేర్చుతూ పోగా అది సీ భాషగా రూపొందింది. 1973లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్‌ను అందులోనే తిరగరాశారు.

మూడో దారి ఎడిన్‌బరోలో మొదలైంది. అక్కడ రాబిన్ మిల్నర్ బృందం రూపొందించిన ఎంఎల్ భాష, ప్రోగ్రామర్ రకాలను పేర్కొనకపోయినా, విలువలను వాడిన తీరునుబట్టి కంపైలరే ఆ రకాలను ఊహించగలదని చూపింది. ఆ పద్ధతికి గణిత ఆధారాన్ని మిల్నర్ 1978లో ప్రకటించారు.

రకం ఇవ్వలేని హామీ

1996 జూన్ 4న తొలిసారి ఎగిరిన ఏరియాన్ 5 రాకెట్ దాదాపు 40 సెకన్లకే ధ్వంసమైంది. రకాల విషయంలో ఎంతో కట్టుదిట్టమైన అడా భాషలో, ఏరియాన్ 4 కోసం రాసిన కోడ్‌నే అందులో వాడారు. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువను, 32,767కు మించి పట్టని 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోగా అది ఇమడలేదు. రకాల మార్పిడి నియమబద్ధమే అయినా, రాబోయే విలువ ఎంతటిదో కంపైలర్‌కు తెలిసే మార్గం లేదు.

సీ ప్రమాణం ఇంట్‌కు కనీసం 16 బిట్లు ఉండాలని మాత్రమే చెప్పి, అసలు పరిమాణాన్ని కంపైలర్ నిర్మాతలకు వదిలేయగా, జావా దాన్ని 32 బిట్లుగా స్థిరపరచింది. కాబట్టి అభ్యాసకులు ప్రతి రకం విషయంలోనూ అది ఏ విలువలను పట్టగలదో, ఎంత చోటు తీసుకుంటుందో, ఏ పరిక్రియలను అనుమతిస్తుందో తెలుసుకోవాలి; వ్యాకరణం భాషకొక తీరుగా మారినా ఈ మూడు ప్రశ్నలూ ప్రతి భాషకూ వర్తిస్తాయి.