అరకాన్ మడ అడవుల్లో హైదరాబాద్ పేరు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బర్మా పడమటి తీరమైన అరకాన్‌లో జపాన్ సేనలతో పోరాడిన 19వ హైదరాబాద్ రెజిమెంటు పేరు వినగానే అందులో హైదరాబాదీలే ఉండి ఉంటారనుకోవడం సహజమే గాని, అప్పటికి ఆ పేరుకూ ఆ ఊరికీ మిగిలినది పాత చుట్టరికం మాత్రమే. 1813లో బ్రిటిష్ రెసిడెంటు హెన్రీ రస్సెల్ నిజాం ఖర్చుతో, ఆంగ్ల అధికారుల కింద కూర్చిన రస్సెల్ బ్రిగేడు దీనికి మూలం. అదే హైదరాబాద్ కంటింజెంటుగా పెరగగా, దాని పోషణ కింద పేరుకున్న బాకీకి 1853లో నిజాం బీరారును కుంపిణీకి అప్పగించవలసి వచ్చింది. 1903లో ఆ దళాలు భారత సైన్యంలో కలిసిన తర్వాత కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఆ పేరును మోశారు.

ఆ రెజిమెంటులోని నాలుగవ బెటాలియన్‌ను 1923 నాటి ‘ఎనిమిది యూనిట్ల పథకం’ కిందకు తెచ్చారు. భారతీయ అధికారులను ఎనిమిది దళాలకే పరిమితం చేసిన ఈ ఏర్పాటు పైకి భారతీయీకరణగా కనిపించినా, భారతీయుడి ఆజ్ఞ కింద తెల్ల అధికారి పనిచేయవలసిన అవసరం రాకుండా కట్టిన గోడ అది. శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది 1926లో అధికారి అయిన కొడగు వాసి కె.ఎస్. తిమ్మయ్య ఆ నాలుగవ బెటాలియన్‌లోనే ఎదిగాడు.

ఆ గోడ కూలిన చోటు అరకాన్‌లోని కాంగా గ్రామం. ఉత్తరం నుంచి వెనుదిరుగుతున్న జపాన్ సేనలకు మిగిలిన బాట ఆ గ్రామం మీదుగా పోతుంది గనుక, దాన్ని మూసివేయడానికి 1945 జనవరి 22న బ్రిటిష్ కమాండోలు డైంగ్‌బాన్ చౌంగ్ గుండా పడవల్లో వచ్చి దిగారు. చౌంగ్ అంటే బర్మాలో పోటు నీరు ఎక్కే పాయ. కోరింగ మడ అడవులను చూసినవారికి ఆ నేల ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. పోటుకు మునిగి, పాటుకు మోకాటి లోతు బురదగా తేలే ఆ ఒండ్రులో తుపాకీ గుండూ తాగునీరూ కూడా పడవల్లోనే రావాలి, గాయపడినవాడు కూడా పడవలోనే వెళ్లాలి. కమాండోల వెనుక వచ్చిన 51వ బ్రిగేడుకు గ్రామాన్నీ, బాటను కాచుకుని ఉన్న గుట్టలనూ పట్టే పని అప్పగించారు. ఆ బ్రిగేడులోని మూడు బెటాలియన్లకూ భారతీయులే నాయకులు: ఎనిమిదవ హైదరాబాద్‌కు తిమ్మయ్య, పంజాబ్ దళానికి ఎస్.పి.పి. థోరట్, బలూచ్ దళానికి ఎల్.పి. సేన్. జనవరి 29న థోరట్ మనుషులు మెల్రోజ్ అనే గుట్టను పట్టుకున్నారు. ఆ పోరుకు ముగ్గురికీ డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ దక్కింది.

పతకాల కంటే అడవి యుద్ధపు తీరును చూస్తేనే ఆ నాయకత్వం విలువ తెలుస్తుంది. మైదానంలో సేనాపతి దూరం నుంచి కదలికలను చూడగలడు. పది గజాల అవతల మనిషి కనిపించని పొదల్లో బెటాలియన్ చిన్న చిన్న గుంపులుగా విడిపోతుంది, పై ఆజ్ఞ అందేలోపే గుంపు నాయకుడు నిర్ణయం తీసుకోవలసి వస్తుంది, కనుక కమాండర్ తన ధైర్యం కన్నా ముందు కింది అధికారుల ధైర్యాన్ని నమ్ముకోవాలి.

తిమ్మయ్య కింద అరకాన్‌లో పనిచేసిన యువ అధికారి సోమనాథ్ శర్మ గురించి ఆ దళంలో చెప్పుకునే కథనం ఇక్కడ తగినది: గాయపడిన తన ఆర్డర్లీని, అంటే అధికారి వెంట ఉండే సహాయక సిపాయిని, అతడు వీపున మోసుకుంటూ వెనుకబడ్డాడనీ, దళం ఆలస్యమవుతోందని తిమ్మయ్య అతణ్ణి దించేయమన్నా వినలేదనీ అంటారు. ఆజ్ఞ ధిక్కారమైన ఈ సంగతిని రెజిమెంటు దాచుకోకపోగా గర్వంగానే చెప్పుకుంటూ వచ్చింది.

1945లోనే తిమ్మయ్య 36వ బ్రిగేడుకు నాయకుడై, యుద్ధరంగంలో బ్రిగేడును నడిపిన తొలి భారతీయుడయ్యాడు. అదే ఏడాది అక్టోబరు 27న రెజిమెంటు పేరు నుంచి హైదరాబాద్ తొలగిపోయి కుమావూన్ చేరింది. అందువల్ల 1947 నవంబరు 3న కాశ్మీర్‌లోని బడ్గాంలో, ఎడమచేతికి పిండికట్టుతోనే తన మనుషుల తుపాకులకు మ్యాగజైన్లు నింపి అందిస్తూ మోర్టారు గుండుకు నేలకొరిగి తొలి పరమవీర చక్రం పొందిన మేజర్ సోమనాథ్ శర్మను చరిత్ర నాలుగవ కుమావూన్ అధికారిగా నమోదు చేసింది. అది తిమ్మయ్య తొలినాళ్లలో పనిచేసిన నాలుగవ హైదరాబాద్ బెటాలియనే.