కర్నూలు–కడప కాలువ: నౌకాయానం, సేద్యం, జలపీడన సూత్రాలు

ఉపోద్ఘాతం:
కుందూ పరీవాహకంలోని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారికి కె.సి. కాలువ అంటే సాగునీటి కాలువ. బనగానపల్లె పరిసరాల్లో నేడు శ్రీశైలం కుడి కాలువ, ఔకు జలాశయం ఎలాగో, ఆ ప్రాంతాలకు ఇదీ అలాగే. అయితే కె.సి. కాలువ పుట్టింది రెండు పనుల కోసం: పొలాలకు నీరివ్వడం, పడవలు నడపడం. 1933లో నౌకాయానం పూర్తిగా ఆగిపోయింది, సేద్యం మాత్రం నిలిచింది. ఈ పరిణామానికి రైలు మార్గాన్ని కారణంగా చెప్పడం సులభం. కాలువ రూపకల్పనలోనే ఉన్న భౌతిక వైరుధ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

నిర్మాణ నేపథ్యం:
సర్ ఆర్థర్ కాటన్ జలరవాణా ఆలోచనల ప్రభావంతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఈ నిర్మాణాన్ని చేపట్టింది. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, అక్కడి నుండి కడప వరకు సుమారు 306 కిలోమీటర్ల కాలువను 1863 తరువాతి దశాబ్దంలో తవ్వారు. ఆదాయం ఆశించినంత రాలేదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి పండించే రైతుకు మామూలు వానలు కురిసిన ఏడు కాలువనీటి అవసరం తక్కువ. చివరకు 1882లో ప్రభుత్వం కాలువను కొనుగోలు చేసింది.

లాకులు – ద్రవపీడనం:
సుంకేసుల కన్నా కడప చాలా పల్లంలో ఉంది. అంత వాలులో నీటిని నేరుగా వదిలితే వడి పెరిగి పడవ ఎదురెక్కలేదు. అందుకే మెట్లవలె లాకులు కట్టారు. లాకు గదిలోకి నీరు వదిలితే పడవ తేలుతూ పైకి లేస్తుంది, తీస్తే దిగుతుంది. తలుపుపై పడే పీడనం ఆ వెనుక ఎంత పొడవున నీరుందన్న దానిపై కాక, లోతుపై ఆధారపడుతుంది. 3 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరుపై సుమారు 3 టన్నుల భారం పడుతుంది. ఉపరితలం వద్ద ఇది సున్నా కనుక సగటు ఒకటిన్నర టన్నులు. అంటే తలుపు ప్రతి మీటరు వెడల్పునా మోయవలసింది సుమారు నాలుగున్నర టన్నులు. ఔకు వంటి జలాశయాల కట్టను అడుగున వెడల్పుగా కట్టడంలోనూ ఈ పీడనం లెక్కకు వస్తుంది.

హంద్రీపై వంతెన – ఉత్ప్లవనం:
కర్నూలు వద్ద కాలువ హంద్రీ నదిని అక్విడక్టుపై దాటుతుంది. కాలువనీటిని మోసే వంతెనపైకి బరువైన పడవ వస్తే భారం పెరుగుతుందని ఎవరికైనా తోచడం సహజం. కాని ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం తేలే పడవ తన బరువుకు సమానమైన బరువున్న నీటిని తొలగిస్తుంది. ఆ నీరు కాలువ పొడవునా సర్దుకుంటుంది, నీటి మట్టం దాదాపు మారదు. కనుక వంతెనపై అదనపు భారం పడదు.

వైరుధ్యం:
ఇదే సూత్రం నౌకాయానానికి హద్దు కూడా పెట్టింది. 15 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, నిలువు గోడలు గల పడవను ఊహిస్తే, అది 10 సెంటీమీటర్లు అదనంగా మునగడానికి నాలుగున్నర టన్నుల సరుకు కావాలి. సేద్యానికి నీరు తీసినందువల్ల కాలువలో లోతు 30 సెంటీమీటర్లు తగ్గితే, అడుగు తగలకుండా సాగడానికి ఆ పడవ పదమూడున్నర టన్నులు దించుకోవాలి. పడవకు కావలసింది లోతైన, నెమ్మదైన, తరగని నీరు. పొలానికి కావలసింది పారే నీరు, అదీ ఎండకాలంలో, కరవులో ఎక్కువగా. 1876–78 నాటి మహాకరవు వంటి సమయాల్లో ఏ అవసరానికి ప్రాధాన్యమివ్వాలో వేరుగా చెప్పనక్కరలేదు. పందొమ్మిదో శతాబ్ది చివరన నంద్యాల మీదుగా రైలు మార్గం రావడంతో, నీటి మట్టంతో పనిలేకుండా సరుకు తరలించే సాధనం దొరికింది. రైలు ఈ వైరుధ్యాన్ని సృష్టించలేదు, దాని ఫలితాన్ని త్వరపరిచింది.

ఉపసంహారం:
ఒకే నీరు ఒకే సమయంలో నిలిచి పడవను మోయలేదు, పారి పైరును తడపలేదు. కె.సి. కాలువ చరిత్రను కంపెనీ నష్టాల కథగా మాత్రమే చదివితే ఈ అంశం మరుగున పడుతుంది. పడవలు పోయినా 'లాకు' అన్న మాట తెలుగులో నిలిచింది. కాలువగట్టున మిగిలిన నౌకాయాన నిర్మాణాలను గుర్తించి నమోదు చేయడం రాయలసీమ చరిత్రకే కాక, పాఠశాలలో భౌతికశాస్త్ర బోధనకూ ఉపకరిస్తుంది.