ఒక చూరు క్రింద పలువురి కథలు

ఒక విషయమును ముందుగా ప్రకటించి, దానిపై కథలు పంపుడని రచయితలను కోరి, వచ్చినవానిలో మేలైనవానిని ఏర్చి సంపుటముగా కూర్చుట నేడు మన భాషలో వాడుకయైపోయినది. ఊరు, వాన, రైలుప్రయాణము, వలసబ్రతుకు - ఏదో యొక విషయము; ఇన్ని పుటలకు మించరాదను నియమము; ఫలానా తేదీ గడువు. ఇట్టి ప్రకటన చూచినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. విషయము సంపాదకునిది, కథ రచయితది. ఈ రెండింటికిని నడుమ గట్టు ఎక్కడ? ఈ తగవు క్రొత్తది కాదు. నూటడెబ్బది యేండ్లకు పూర్వము లండను నగరమున, ఆ దేశపు కథకులలో అగ్రగణ్యుడే సంపాదకుడై కూర్చుండగా ఇది నడచినది. ఆ చరిత్రను చదువరుల యెదుట పెట్టుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ఇచ్చిన విషయమునకు లోబడి వ్రాయుట మనవారెరుగని విద్య కాదు. రాజసభలలో సమస్య నిచ్చుట అట్టిదే గదా. ఒక పాదము పృచ్ఛకునిది, తక్కిన మూడును కవివి. పలువురు కూడి కథలు చెప్పుటయు మనకు పాతదే. కొరవి గోపరాజు సింహాసనద్వాత్రింశికలో ముప్పదిరెండు బొమ్మలును తలకొక కథ చెప్పును. దండి దశకుమారచరితమున కుమారులు ఎవరి యనుభవమును వారు వినిపింతురు. అయితే అక్కడ బొమ్మలన్నిటికిని నోరు గోపరాజే; కుమారులందరి వెనుకను ఉన్నవాడు దండి యొక్కడే. ఏ బొమ్మయు గోపరాజుతో, అయ్యా నా కథ ముగింపు నీవేల మార్చితివని యడుగలేదు. చార్లెస్ డికెన్సు చేసిన క్రొత్తపని యేమనగా, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క రచయితను నియమించుట. తగవు అక్కడ పుట్టినది.

డికెన్సు 1850 మార్చి 30వ తేదీన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' అను వారపత్రికను స్థాపించెను. వెల రెండు పెన్నీలు. అందులో వ్రాసినవారెవ్వరి పేరును అచ్చుకాదు; డికెన్సు నిర్వహించుచున్నాడను మాటమాత్రము ప్రతి తెరపునను పైభాగమున కనబడుచుండును. ఈ పత్రిక అనామకమట గదా యని యెవరో యనగా, డగ్లస్ జెరాల్డు అను హాస్యరచయిత, అనామకము కాదు, ఏకనామకమని పరిహసించెనట. ప్రతి సంవత్సరమును క్రిస్మసు పండుగకొక ప్రత్యేకసంచిక వెలువడుచుండెను. మొదటి రెండేండ్లును పండుగను గూర్చిన వ్యాసములతో సరిపోయినవి. 1852లో డికెన్సు ఒక చిన్న యేర్పాటు చేసెను: చలిరాత్రి నిప్పుగూటిచుట్టును చేరినవారు వంతులవారిగా కథలు చెప్పుకొనుట. పేదచుట్టము కథను, బాలుని కథను తాను వ్రాసెను. ముసలిదాది కథను ఎలిజబెత్తు గాస్కెల్ అను నామె పంపెను.

గాస్కెల్ మాంచెస్టరు నగరమున ఒక మతబోధకుని భార్య; మిల్లుకూలీల బ్రతుకును గూర్చి 'మేరీ బార్టన్' అను నవలను 1848లో ప్రకటించి అప్పటికే పేరుగాంచినది. ఆమె పంపిన కథ యిది. తల్లిదండ్రులు లేని యొక పసిపిల్లను దాది వెంటబెట్టుకొని, ఉత్తరపుసీమలోని బంధువుల పాతకోటకు చేరును. అక్కడ చెవుడువచ్చిన ముసలిదొరసాని యొకతె యున్నది. చలికాలపు రాత్రులలో, లోపల శిథిలమైయున్న వాద్యము తనంతట మ్రోగును. మంచులో నొక పిల్ల నిలిచి ఈ పసిదానిని రమ్మని పిలుచును. పూర్వమొకప్పుడు ఆ యింటి యజమాని రహస్యముగా పెండ్లాడిన తన పెద్దకూతురిని, ఆమె బిడ్డతోగూడ మంచులోనికి గెంటివేసియుండెను. ఆ రహస్యమును తండ్రికి చెప్పినది చెల్లెలే. ఇద్దరును వలచినవా డొక్కడగుటచే పుట్టిన యసూయ దానికి కారణము. ఆ చెల్లెలే యిప్పటి ముసలిదొరసాని. కథాంతమున ఆనాటి ఘోరమంతయు ఛాయారూపమున అందరి కన్నులయెదుటను మరల జరుగును. అందులో ముసలామె తన యౌవనరూపమును, దయ యన్నది యెరుగక నిలిచియుండగా, తానే చూచును.

డికెన్సు ఈ కథను మెచ్చెను గాని ముగింపు ఆయనకు నచ్చలేదు. ధ్వనులు అందరికిని వినబడవచ్చును, రూపములుమాత్రము పసిపిల్లకొక్కతెకే కనబడవలెనని ఆయన సలహా. గాస్కెల్ సమ్మతింపలేదు. అంతట ఆయన, ముగింపును నేనే మార్చి, మార్చినదానిని మీ మూలమును మీయెదుట పెట్టెదను, ఇష్టము లేనిదానిని కొట్టివేయుడని వ్రాసెను. ఇంతకంటె మర్యాదగా నడిగిన సంపాదకుని మేమెరుగము. అయినను ఆమె కదలలేదు. కథ తుదకు ఆమె వ్రాసినట్లే అచ్చైనది.

భయమును పుట్టించు కౌశలమును మాత్రమే చూచినచో డికెన్సు మాట త్రోసివేయదగినది కాదు. ఒకరికే కనబడు దయ్యము పదిమందికి కనబడుదానికంటె చదువరిని ఎక్కువ కలవరపెట్టును. కాని గాస్కెల్ కథ దయ్యమును గూర్చినది కాదు. ఒక స్త్రీ తన తోడబుట్టినదానికి చేసిన ద్రోహమును గూర్చినది. పసిపిల్లకు మాత్రమే రూపములు కనబడినచో ముసలామె తన్ను తాను చూచుకొను తావే యుండదు. సంపాదకుడు పండుగరాత్రికి తగిన భయమును కోరెను. రచయిత్రి ఆ భయమును నెపముగాగొని తాను చెప్పదలచినది చెప్పెను.

ఇక్కడ మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట మేము మా విద్యార్థులకు 'వాన' అను విషయమిచ్చి, బడి సంచికకు కథలు వ్రాసి తెండని చెప్పితిమి. ఒక బాలిక, కురియుచున్న యింటిలో తల్లి గిన్నెలన్నియు నేలపై పరచి, వంటకు గిన్నె మిగులక కూర్చుండుటతో కథ ముగించి తెచ్చెను. పండుగసంచికలో దిగులేల యని మేము, పొరుగువారు వచ్చి తాటాకులు కప్పిపోవుదురని నాలుగు పంక్తులు చేర్చితిమి. ప్రతి చూపగా ఆ పిల్ల చాలసేపు మాటలాడలేదు. పిదప, "మాస్టారూ, మా యింటికి ఎవరూ రాలేదండీ" అన్నది. ఆ నాలుగు పంక్తులను మేము కొట్టివేసితిమి. గాస్కెల్ కథాచరిత్రను మేము అటుపిమ్మట చదివితిమి. ముందే చదివియున్నచో ఆ పిల్లకు ఆ మాట చెప్పవలసిన పని తప్పియుండును.

కథ పంపుటయందు మరియొక చిక్కు కలదు. అది పరిచయమునకు సంబంధించినది. 1853లో మేరీ బెర్విక్ అను పేరుతో ఒకామె డికెన్సు పత్రికకు పద్యములు పంపసాగెను. అవి బాగుండుటచే ఆయన అచ్చువేయుచు వచ్చెను. 1854 డిసెంబరులో, క్రిస్మసుసంచిక తొలిప్రతిని చేతబట్టుకొని ఆయన తన చిరకాలమిత్రుడును కవియునగు ప్రాక్టరుగారి యింటికి విందునకు పోయెను; ఆ ప్రతిని బల్లపై పెట్టి, ఇందులో బెర్విక్ అను నామె పద్యము చాల చక్కగానున్నదని గృహిణితో చెప్పెను. ఆ యింటి కుమార్తె అడిలెయిడ్ అక్కడనే యున్నది. మేరీ బెర్విక్ ఆమెయే యని మరునాడుగాని ఆయనకు తెలియలేదు. ఆమె యుద్దేశమును పిమ్మట డికెన్సే వ్రాసెను: సొంతపేరుతో పంపినచో, బాగుగ లేనివానిని త్రిప్పిపంపుటకు ఆయన మొగమాటపడును, లేదా తండ్రిమొగము చూచి అచ్చువేయును, అందుచేత ముక్కుమొగము తెలియనివారి వరుసలోనే తానును నిలువవలెనని ఆమె నిశ్చయించుకొన్నదట. చుట్టరికమును సిఫారసును లేనిదే గడప దాటలేని మన దేశమున ఈ యిరువదియెనిమిదేండ్ల లోపు కన్య చేసిన పని కొంచెము నిలిచి చూడదగినది.

ఆ 1854 సంచికలోనే చట్రము పూర్ణరూపము తాల్చినది. రోచెస్టరు పట్టణమున వాట్సు అను దాత 1579లో వ్రాసిన మరణశాసనము ననుసరించి వెలసిన సత్రమొకటి యుండెను. దినమునకు ఆరుగురు పేద బాటసారులకు అందు ఒక రాత్రి బస దొరకుచుండెను. డికెన్సు తాను ఏడవవాడుగా చేరి, వారికి పండుగవిందు పెట్టి, తలకొక కథ చెప్పించినట్లు కల్పించెను. మరుసటియేట మంచుచే దారి మూసుకొనిపోయిన సత్రము. 1856లో మంచుగడ్డను ఢీకొని మునిగిన 'గోల్డెన్ మేరీ' అను ఓడ. పడవలలో మిగిలినవారు ప్రాణములు నిలుపుకొనుటకు కథలు చెప్పుకొందురు. ప్రతి యేటను ఏర్పాటును వివరించుచు రచయితలకు ముందుగా జాబులు పోవుచుండెను. వచ్చిన కథలలో ననేకములు చట్రమును బొత్తిగా లెక్కచేయనివని ఆయన మొరపెట్టుకొనుచుండెను. గోల్డెన్ మేరీ సంచికలో హారియెట్ పార్ అను రచయిత్రి తన కథలో ఒక చిన్న ప్రార్థనాగీతమును చేర్చెను. అది జనుల మనస్సునకు హత్తుకొనినది. పేరు లేకపోవుటచే డికెన్సు కృతియే యని తలచినవారును కలరు. ఏకనామకమని జెరాల్డు చేసిన పరిహాసమునకు ఇది సాక్ష్యము.

1859లో పాత పత్రిక నిలిచి 'ఆల్ ది ఇయర్ రౌండ్' అనునది వచ్చినది. ఆ యేటి సంచిక దయ్యాలకొంప: మిత్రులు కొందరు ఒక పాడుపడిన యింట చేరి, ఎవరి గదిలో వారికి కనబడిన దయ్యమును గూర్చి చెప్పవలెను. తన గదిలో డికెన్సు చూచినది తన బాల్యమునే. గాస్కెల్ ఈసారియు తన త్రోవనే పోయినది. ఆమె పంపినది యార్క్‌షైరులోని ముసలి రైతుదంపతుల కథ. చెడుదారి పట్టిన యొక్కగానొక్క కొడుకు దొంగలతో కూడి రాత్రివేళ కన్నవారి యింటినే దోచుటకు వచ్చును. కంఠము గుర్తుపట్టిన కన్నవారు న్యాయస్థానమున ప్రమాణము చేసి ఆ మాట చెప్పవలసివచ్చును. ఇందులో దయ్యమెక్కడ? లేదు. కాని ఆ సంచికలో నేటికిని మనస్సును వెంటాడునది యిదియే యని మా యభిప్రాయము.

ఈ సంచికతోనే హెస్బా స్ట్రెట్టన్ అను మరియొకామె యీ సంపుటములలో ప్రవేశించెను. ఆమె నిజనామము సారా స్మిత్. సోదరసోదరీల పేర్ల మొదటి యక్షరములను కూర్చి హెస్బా యని పేరు పెట్టుకొన్నది. ఆమె మొదటి కథను ఆమెకు తెలియకుండ అక్కచెల్లెండ్రలో నొకరు డికెన్సునకు పంపిరి. తరువాతి కాలమున ఆమె లండను వీథిబాలల బ్రతుకును గూర్చి కథలు వ్రాసి, 1884లో ఆ నగరమున బాలలను క్రౌర్యమునుండి కాపాడు సంఘమును నెలకొల్పినవారిలో నొకతె యయ్యెను. 1866లో రైలుజంక్షను విషయముగా వచ్చిన 'మగ్బీ జంక్షను' సంచికలో, ఒక్కొక్క కథ యొక్కొక్క శాఖామార్గముగా నుండగా, రైలుతపాలాపెట్టె కథ ఈమెది. ఇంజనీరు కథ అమీలియా ఎడ్వర్డ్సుది. ప్రసిద్ధమైన సిగ్నలువాని కథ డికెన్సుది.

ఇంతలో అడిలెయిడ్ ప్రాక్టర్ సంపాదకపీఠమెక్కి వేరొక మార్గము చూపియుండెను. ఎమిలీ ఫెయిత్‌ఫుల్ అను నామె 1860లో లండనున స్త్రీలచేతనే అక్షరములు కూర్పించు విక్టోరియా ముద్రాలయమును స్థాపించెను. ఈ పని ఆడువారిది కాదని మగవారైన కూర్పరులు ఎదురుతిరిగిరి. ఆ స్త్రీల నేర్పును లోకమునకు చూపుటకై ప్రాక్టర్, టెనిసన్, థాకరే, హారియెట్ మార్టినో మొదలగువారినుండి రచనలు సేకరించి, 1861లో 'విక్టోరియా రీజియా' అను సంపుటమును అక్కడ అచ్చు వేయించెను. ట్రోలోప్ పంపిన కథ, పెండ్లికై పనామాకు ఓడప్రయాణము చేయు స్త్రీని గూర్చినది. ఇందు విషయమిది యని నిర్బంధము లేదు; ప్రతి రచన క్రిందను పేరున్నది. 1864లో ఆమె క్షయరోగముచే చనిపోయెను, ముప్పదితొమ్మిదేండ్లైన నిండలేదు.

డికెన్సు పండుగసంచికలు రెండులక్షల ప్రతులకు మించి అమ్ముడుపోవుచుండగానే, 1868లో ఆయన వానిని మాన్పించెను. ఎల్లవారును అనుకరించి యనుకరించి ఈ రీతి విసుగుపుట్టించు స్థితికి వచ్చినదని ప్రకటనలో చెప్పెను. పిమ్మట ఆయన గ్రంథావళి కూర్చిన ప్రకాశకులు ఆయన వ్రాసిన భాగములు మాత్రము ఉంచి తక్కినవారి కథలను తీసివేసిరి. ఏడుగురు బాటసారులలో ఆరుగురు అట్లు మాయమైరి.

ఆ పేర్లు బొత్తిగా నశింపలేదు. మొదటి పత్రికకు ఉపసంపాదకుడగు విల్సు, ఎవరు ఏది వ్రాసిరో, ఎవరికెంత సొమ్ము ముట్టినదో ఒక లెక్కపుస్తకమున వ్రాసియుంచెను. అది యిప్పుడు అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున నున్నది. దానిని పరిశోధించి ఆన్ లోర్లీ 1973లో రచయితల పట్టికను ప్రకటించెను. రెండవ పత్రికకు అట్టి లెక్క దొరకక పండితులు చాలకాలము ఊహలతో సరిపెట్టుకొనిరి. 2015లో జెరెమీ పారట్ అను పుస్తకవ్యాపారి తనకు దొరికిన సంపుటములను బయటపెట్టెను. అవి డికెన్సు సొంతప్రతులు. ఒక్కొక్క రచన ప్రక్కను, అంచున, వ్రాసినవారి పేరు పెన్సిలుతో గుర్తింపబడియున్నది.