యంత్రం క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టడం ఎలా నేర్చుకుంది?

ఉల్లిపొర కణాలను మీరు సూక్ష్మదర్శినితో చూసే ఉంటారు. పలుచని పొర, ఒక చుక్క రంగు, ఒక గాజు పలక. ఆసుపత్రిలో క్యాన్సర్‌ను నిర్ధారించే పద్ధతి కూడా మూలంలో ఇదే. శరీరం నుంచి తీసిన ముక్కను పలుచగా కోసి, రంగు వేసి, పాథాలజిస్టు అనే నిపుణుడు పరిశీలిస్తాడు. క్యాన్సర్ కణాల్లో కేంద్రకం సాధారణంగా పెద్దదిగా, ముదురుగా, ఆకారం చెదిరి ఉంటుంది.

ఈ పనిని యంత్రం చేయగలదా? ఈ ప్రశ్న చాలా పాతది. 1941లో అమెరికాలో పాపనికొలావ్, ట్రాట్ అనే శాస్త్రజ్ఞులు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను కణాల పరీక్షతో కనిపెట్టవచ్చని చూపారు. ఆ పరీక్ష వ్యాపించిన కొద్దీ చూడవలసిన స్లైడ్లు గుట్టలుగా పెరిగాయి. 1950లలో అక్కడే 'సైటోఎనలైజర్' అనే యంత్రం వచ్చింది. అది కేంద్రకం పరిమాణాన్నీ, ముదురుదనాన్నీ కొలిచేది. అయితే ఒకదానిపై ఒకటి పడిన మామూలు కణాలను కూడా అనుమానించేది. తప్పుడు హెచ్చరికలు ఎక్కువ కావడంతో దాన్ని వదిలేశారు.

లోపం ఎక్కడుంది? గుంపులో మీ స్నేహితుణ్ణి ముక్కు పొడవు కొలిచి గుర్తుపడతారా? లేదు కదా! పదేపదే చూసిన అలవాటుతో గుర్తుపడతారు. 'డీప్ లెర్నింగ్' దారి కూడా అదే. కంప్యూటర్‌కు ఎన్నో చిత్రాలను, వాటి జవాబులను ఇస్తారు. తప్పు చెప్పినప్పుడల్లా అది తన లెక్కల్లోని సంఖ్యలను కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. 2012లో రొమ్ము క్యాన్సర్ చిత్రాల్లో విభజన చెందుతున్న కణాలను గుర్తించే పోటీలో స్విట్జర్లాండ్ బృందం ఈ పద్ధతితోనే గెలిచింది.

2016లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఇంకా కఠినమైన పోటీ పెట్టారు. రొమ్ము క్యాన్సర్ చంకలోని లింఫ్ గ్రంథులకు పాకిందా అన్నదాన్నిబట్టి చికిత్స మారుతుంది. ఒక చిన్న మచ్చ కంటపడకపోతే రోగికి తగిన చికిత్స అందకపోవచ్చు. పోటీలో 270 స్లైడ్లతో నేర్పి, 129 స్లైడ్లతో పరీక్షించారు. సుమారు రెండు గంటల్లో ఆ 129 స్లైడ్లనూ చూసిన 11 మంది నిపుణుల సగటు స్కోరు 0.810. అన్నిటికన్నా మేటి ప్రోగ్రాం స్కోరు 0.994. ఈ కొలతలో 1 అంటే పూర్తి మార్కులు, 0.5 అంటే గుడ్డిగా ఊహించినట్టు.

యంత్రం గెలిచిందని తొందరపడకండి. గడువు లేకుండా దాదాపు 30 గంటలు చూసిన ఒక నిపుణుడి స్కోరు 0.966. మనిషి కంటికి ఆ శక్తి ఉంది, చాలనిది సమయం. అలసట లేని యంత్రం సాయపడేది అక్కడే. 2021లో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను వెదకడంలో తోడ్పడే ఇలాంటి ప్రోగ్రాంకు అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది. తుది నిర్ణయం మాత్రం నిపుణుడిదే. స్లైడుకు వేసే రంగు, చిత్రం తీసే స్కానరు మారితే యంత్రం తడబడవచ్చు. కాబట్టి మన ఆసుపత్రుల్లో వాడే ముందు ఇక్కడి స్లైడ్లతో పరీక్షించి తీరాలి.

ఇంతకీ 2016 పోటీలో యంత్రానికి జవాబులు ఎవరిచ్చారో తెలుసా? స్లైడ్లపై క్యాన్సర్ హద్దులను మొదట గీసింది ఇద్దరు విద్యార్థులు! నిపుణులు ఆ స్లైడ్లను ఒక్కొక్కటిగా సరిచూశారు. ఆ గీత తప్పయితే యంత్రం నేర్చుకునేదీ తప్పే.